పంది మెదడులో దొరికిన గుండె కబురు

కెనడాలో ఒంటారియో సరస్సు ఒడ్డున కింగ్‌స్టన్ అని ఒక చిన్న నగరం ఉంది. 1981లో అక్కడి ల్యాబులో అడాల్ఫో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకల గుండె పైగదుల్ని, అంటే కర్ణికల్ని, నూరి ఆ రసాన్ని మత్తులో ఉన్న వేరే ఎలుకలకు ఎక్కించాడు. కాసేపటికే వాటి మూత్రం పది రెట్లు పెరిగింది. మూత్రంలో పోయే ఉప్పు ముప్పై రెట్లు దాటింది. గుండె కిందిగదుల (జఠరికల) రసం ఎక్కిస్తే మాత్రం అలాంటిదేమీ జరగలేదు.

అప్పటిదాకా గుండె అంటే ఒక మోటారు. నెత్తురు లాగుతుంది, తోస్తుంది, అంతే. కర్ణికల కండరంలో గింజల్లాంటి బుల్లి సంచులు ఉన్నాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1950లలోనే చూపించింది గానీ అవి ఎందుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. డి బోల్డ్ ప్రయోగంతో ఆ ముడి వీడింది. అవి హార్మోను సంచులు. ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువై గుండె గోడ సాగితే, గుండె ఆ సంచులు విప్పి కిడ్నీలకు కబురు పెడుతుంది: ఉప్పు బయటికి తోసెయ్యండి, నీళ్లు దాని వెంటే పోతాయి అని. మోటారనుకున్నది గ్రంథి కూడా అయింది.

గుండె వైఫల్యాన్ని ముందుగా పసిగట్టడానికి ల్యాబుల్లో ఈ నలభై ఏళ్లలో జరిగిన పనిలో చాలా భాగం ఈ కబురు చుట్టూనే తిరిగింది. అయితే కబురు వినడం ఒక పని, వైఫల్యాన్ని ఆపడం ఇంకో పని. మొదటిది చేతనైతే రెండోది దానంతట అదే వస్తుందనుకున్న చోటల్లా పరిశోధకులకు ఎదురుదెబ్బలే తగిలాయి.

1988లో జపాన్‌లోని మియాజాకిలో హిసాయుకి మత్సువో, కెంజి కంగావా బృందం పంది మెదడులోంచి ఇలాంటిదే ఇంకో పదార్థాన్ని బయటికి తీసింది. దొరికింది మెదడులో కాబట్టి దానికి బ్రెయిన్ నాట్రియురెటిక్ పెప్టైడ్ (ఉప్పును మూత్రంలోకి పంపే మెదడు పదార్థం) అని పేరు పెట్టారు. అదే బీఎన్‌పీ. తర్వాత కొన్నేళ్లకే తెలిసిందేమిటంటే, మనిషిలో దాని అసలు కార్ఖానా మెదడు కాదు, గుండె కిందిగదులు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది. ల్యాబ్ రిపోర్టులో 'బ్రెయిన్' అన్న మాట చూసి కంగారుపడే పనిలేదు, అది కేవలం పంది మిగిల్చిన పేరు.

ఈ బీఎన్‌పీ నేరుగా తయారవదు. ముందు 108 పూసల దండలాంటి ఒక పొడుగాటి ప్రొటీన్ తయారవుతుంది. దాన్ని ఒక ఎంజైము రెండు ముక్కలు చేస్తుంది. 32 పూసల ముక్క బీఎన్‌పీ, పని చేసేది అదే. మిగిలిన 76 పూసల ముక్క పేరు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. దానికి ఒంట్లో చెప్పుకోదగ్గ పనేమీ లేదు. కానీ పనిచేసే ముక్క ఇరవై నిమిషాల్లో సగానికి తగ్గిపోతే, పనిలేని ముక్క నెత్తుట్లో అంతకంటే చాలాసేపు ఉంటుంది. అందుకే ల్యాబులకు అదంటే ఇష్టం. దాన్ని కొలిచే పద్ధతీ తమాషాగానే ఉంటుంది: ఆ ముక్కను రెండు వైపులనుంచి పట్టుకునే రెండు యాంటీబాడీలు వేస్తారు, ఒకటి కదలకుండా పట్టి ఉంచుతుంది, రెండోది వెలుగు ఇస్తుంది. వెలుగెంతో ముక్కలు అన్ని. కొలత పికోగ్రాముల్లో ఉంటుంది, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

ఇంత సూక్ష్మమైన కొలత ఎందుకు అవసరమైందో తెలియాలంటే జబ్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుండె వైఫల్యం అనే మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వింటే గుండె ఆగిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి అది ఆగదు, ఒంటికి కావలసినంత నెత్తురు అందించలేకపోతుంది, లేదా అందించడానికి లోపల ఒత్తిడి విపరీతంగా పెంచుకోవలసి వస్తుంది. జనం వాడే 'గుండె వీకైంది', 'పంపింగ్ తగ్గింది' అన్న మాటలే పుస్తకాల మాటకంటే నిజానికి దగ్గర. వెనక ఒత్తిడి పెరిగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండు మీద దిండు వేసుకోవలసి వస్తుంది.

చిక్కంతా ఆయాసంతోనే. దానికి సొంతదారులు చాలామంది. ఆస్తమా, పొగాకు పాడుచేసిన ఊపిరితిత్తులు, రక్తహీనత, బరువు, ఒక్కోసారి ఉట్టి భయం. రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి ఎగరొప్పుతూ వచ్చిన మనిషిలో ఆయాసం గుండెదా, ఊపిరితిత్తులదా అన్నది స్టెతస్కోపుతో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. సరిగ్గా ఈ ప్రశ్నతోనే 1,586 మందిని పరీక్షించి 2002లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు ప్రకటించారు. పేరు 'బ్రీతింగ్ నాట్ ప్రాపర్లీ', మొదటి అక్షరాలు కలిపితే బీఎన్‌పీ. డాక్టర్లకూ చమత్కారం ఉంటుంది. మిల్లీలీటరుకు 100 పికోగ్రాములు గీతగా పెట్టుకుంటే వందలో 83 కేసుల్లో పరీక్ష సరిగ్గా చెప్పింది. 50 కంటే తక్కువ వస్తే గుండె వైఫల్యం కాదని 96 శాతం నమ్మవచ్చని తేలింది.

ఈ చివరి అంకెలోనే పరీక్ష అసలు స్వభావం ఉంది. 'అవును' అనడం కంటే 'కాదు' అనడంలో దీనికి నేర్పు ఎక్కువ. నిలకడగా ఉన్న మనిషిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125 లోపు ఉంటే, క్యాజువాలిటీకి వచ్చిన మనిషిలో 300 లోపు ఉంటే, డాక్టరు గుండెను పక్కనపెట్టి వేరే కారణం వెతకవచ్చు. పెరిగి ఉంటే మాత్రం అది మొదటి మాటే, తీర్పు కాదు. వయసు పెరిగితే అంకె పెరుగుతుంది. గుండె లయ తప్పినా పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతింటే ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ ముక్కల్ని బయటికి పంపడంలో కిడ్నీల వంతు పెద్దది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, ఊళ్లకు ఊళ్లే కిడ్నీ జబ్బుతో బాధపడుతుంటే, వేరే దేశంలో గీసిన గీతను అలాగే తెచ్చి వాడడం కుదరదు. ఊబకాయంలో దీనికి తలకిందులు. లావుగా ఉన్నవాళ్లలో గుండె నిజంగా ఇబ్బందిలో ఉన్నా అంకె తక్కువగా కనిపిస్తుంది. ఆయాసం 'బరువు వల్లే' అని కొట్టిపారేసేది ఎక్కువగా వీళ్ల విషయంలోనే కాబట్టి, పరీక్ష కూడా అటే మొగ్గడం వీళ్లకు రెండు విధాలా నష్టం.

ఇక ఎదురుదెబ్బల కథ. ఒంటికి మేలుచేసే హార్మోను దొరికింది, ఉప్పు పోగొడుతుంది, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. అలాంటప్పుడు దాన్నే ఇంజెక్షన్‌గా ఇస్తే సరిపోదా? తర్కానికి వంక పెట్టలేం. ల్యాబులో తయారుచేసిన బీఎన్‌పీకి నెసిరిటైడ్ అని పేరుపెట్టి 2001లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. పదేళ్లపాటు ఖరీదైన మందుగా చెలామణి అయింది. 2011లో 7,141 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. చావులు తగ్గలేదు, మళ్లీ ఆస్పత్రిలో చేరడమూ తగ్గలేదు. ఆయాసంలో తేడా నామమాత్రం. బీపీ పడిపోవడం మాత్రం పెరిగింది. గుండె అప్పటికే గొంతు చించుకుని అరుస్తోంది, వినవలసిన కిడ్నీలు మొద్దుబారి ఉన్నాయి. అలాంటప్పుడు ఇంకో మైకు పెట్టినంత మాత్రాన ఏం లాభం?

అదే హార్మోనును ఇంకో దారిలో పట్టుకున్నవాళ్లు గెలిచారు. బీఎన్‌పీని ఒంట్లో ముక్కలు చేసే కత్తెర ఒకటుంది, నెప్రిలైసిన్ అనే ఎంజైము. ఆ కత్తెరను ఆపితే సొంత హార్మోనే ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటి ప్రయత్నం ఒమాపట్రిలాట్, అది కత్తెరతోపాటు, రక్తనాళాలు బిగుసుకునేలా చేసే ఏసీఈ అనే ఇంకో ఎంజైమునూ ఆపేది. రెండూ ఒక్కసారి ఆగేసరికి బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుపోయి కొందరికి ముఖం, నాలుక వాచి ఊపిరాడని పరిస్థితి వచ్చింది. మందు అక్కడే ఆగిపోయింది. తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టి రెండో ప్రయత్నంలో ఏసీఈ జోలికి పోకుండా, కత్తెరను ఆపే సాకుబిట్రిల్‌ను వల్సార్టాన్ అనే బీపీ మందుతో జతచేశారు. 2014లో 8,399 మందితో ముగిసిన పరీక్షలో, అప్పటిదాకా మేటి అనుకున్న, ఏసీఈని ఆపే ఎనలాప్రిల్ కంటే గుండెజబ్బు చావులు, వైఫల్యంతో ఆస్పత్రి పాలవడం కలిపి 20 శాతం తగ్గాయి. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, ఈ మందు వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి. కత్తెర ఆగింది కాబట్టి బీఎన్‌పీ అంకె పెరుగుతుంది, జబ్బు ముదిరిందని భ్రమ కలుగుతుంది. పనిలేని ముక్కకు ఆ కత్తెరతో సంబంధం లేదు కాబట్టి వీళ్లకు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చూడడమే సరి.

ఇవన్నీ జబ్బు వచ్చాక చేసే వైద్యాలు. రాకుండా ఆపడమన్న ఆలోచనకు బీజం వేసింది మళ్లీ ఎలుకలే. బోస్టన్‌లో మార్క్ ఫెఫర్, జానిస్ ఫెఫర్ దంపతులు ఎలుకల గుండె రక్తనాళాన్ని కట్టేసి గుండెపోటు తెప్పించి, తర్వాత వారాల తరబడి గుండె ఎలా మారుతుందో చూశారు. దెబ్బతిన్న చోటు మచ్చగా మారితే, బాగున్న మిగతా కండరం కూడా మెల్లగా సాగిపోయి గుండె బెలూనులా ఉబ్బుతోంది. అంటే గుండెపోటుకూ గుండె వైఫల్యానికీ మధ్య వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో కాప్టోప్రిల్ అనే, ఏసీఈని ఆపే మందు ఇస్తే ఉబ్బు తగ్గింది, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. ఈ కాప్టోప్రిల్ పుట్టుకే ఒక వింత, బ్రెజిల్ అడవి పాము విషం మీద చేసిన పనిలోంచి వచ్చింది. ఎలుకల్లో చూసింది మనుషుల్లోనూ నిజమని 1992లో తేలింది. గుండెపోటు తర్వాత పంపింగ్ తగ్గిన 2,231 మందిలో ఈ బిళ్ల చావుల్ని 19 శాతం తగ్గించింది. అదే ఏడాది, పంపింగ్ తగ్గినా ఇంకా ఆయాసం మొదలవని 4,228 మందిలో ఎనలాప్రిల్ వాడితే గుండె వైఫల్యం బయటపడడం 37 శాతం తగ్గిందని ఇంకో పరీక్ష చూపించింది.

మరి ఆయాసం మొదలవనివాళ్లను ఎలా పట్టుకోవాలి? బీపీ, షుగర్ ఉన్న ప్రతివాళ్లకూ టూడీ ఎకో తీయాలంటే యంత్రాలూ చాలవు, తీసేవాళ్లూ చాలరు. ఐర్లండ్‌లో డబ్లిన్ వైద్యులు ఇక్కడే బీఎన్‌పీని జల్లెడగా వాడారు. నలభై దాటి, బీపీ, షుగర్, కొలెస్టరాల్ లాంటి ముప్పున్న 1,374 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపులో బీఎన్‌పీ 50 దాటినవాళ్లకు ఎకో తీసి, గుండె డాక్టరు దగ్గర ప్రత్యేకంగా చూపించారు. సగటున నాలుగేళ్ల తర్వాత గుండె ఎడమ జఠరిక పనితీరు చెడినవాళ్లు మామూలు గుంపులో 8.7 శాతం, జల్లెడ గుంపులో 5.3 శాతం. 2013లో ఈ ఫలితాలు వచ్చినప్పుడు చాలా ఉత్సాహం రేగింది, అందుకు కారణమూ ఉంది: కొత్త మందేదీ లేదు, పాత మందుల్నే సరైన మనుషులకు సరైన సమయంలో ఇచ్చారంతే. కానీ పూర్తిస్థాయి గుండె వైఫల్యం ఒక్కటే లెక్కేస్తే 14 మందికి 7 మంది. సగమే కదా అనిపిస్తుంది, అయితే అంకెలు మరీ చిన్నవి, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి అవి చాలవు. ఆ సంగతి దాటేసి శీర్షికలు పెట్టేవాళ్లను కొంచెం అనుమానంగా చూడాలి.

ఈ రంగంలో ఇప్పుడున్న బలమైన నివారణ మందుల్లో ఒక రకం మాత్రం గుండెను చూస్తూ కనిపెట్టింది కాదు. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం తీశారు. అది తిన్న జంతువులకు మూత్రంలో చక్కెర పోతుందని తర్వాత యాభై ఏళ్లకు చూశారు. కిడ్నీ వెనక్కి లాక్కునే చక్కెరను లాక్కోనివ్వకపోవడమే కిటుకు. ఆ కిటుకుతో షుగర్ బిళ్లలు తయారయ్యాయి, చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండేవి. షుగర్ మందులు గుండెకు హాని చేయవని నిరూపించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లో షరతు పెట్టడంతో, హాని ఉందేమోనని వెతకడానికి పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ ఫలితం వచ్చింది. 7,020 మంది షుగర్ రోగుల్లో గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలవడం 35 శాతం తగ్గింది. హాని వెతకబోతే మేలు దొరికింది. 2019లో డాపాగ్లిఫ్లోజిన్‌ను గుండె వైఫల్యం ఉన్న రోగుల్లో షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇచ్చి చూస్తే, ఇద్దరిలోనూ పనిచేసింది. ఎలా పనిచేస్తుందన్న దాని మీద ల్యాబుల్లో వాదన ఇంకా నడుస్తోంది. ఉప్పు పోవడమా, గుండె కణం ఇంధనం మార్చుకోవడమా, కిడ్నీకి విశ్రాంతి దొరకడమా? మన దేశంలో 2020లో డాపాగ్లిఫ్లోజిన్ మీద మొదటి పేటెంటు, 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద పేటెంటు తీరిపోయి దేశీ కంపెనీల బిళ్లలు బాగా తక్కువ ధరకు వచ్చాయి.

గుండె పంపింగ్ బాగానే ఉండి, కండరం బిరుసెక్కి వదులు కాలేకపోయే రకం వైఫల్యం ఒకటుంది. ఈఎఫ్ (గుండె ఒక్కసారి పిండితే బయటికి పోయే నెత్తురు శాతం) 55, 60 అని రాసి ఉన్న ఎకో రిపోర్టు చేతిలో పట్టుకుని ఆయాసపడే పెద్దవాళ్లు, ముఖ్యంగా షుగర్, బీపీ, బరువు మూడూ ఉన్న ఆడవాళ్లు, ఈ కోవలోకి వస్తారు. దీని మీద మందులు వరసగా విఫలం కావడానికి ఒక కారణం ల్యాబు ఎలుకే. అది కుర్రది, సన్నటిది, బీపీ లేనిది. దానికి ఒక్క జబ్బు తెప్పించి మందు పరీక్షిస్తే, అయిదు జబ్బులున్న అరవై ఏళ్ల మనిషికి ఎలా పనికొస్తుంది? 2019లో టెక్సాస్‌లో జోసెఫ్ హిల్ బృందం ఎలుకలకు కొవ్వు తిండి పెడుతూ, తాగే నీళ్లలో రక్తనాళాల్ని బిగించే మందు కలిపింది. ఏ ఒక్కటీ విడిగా చేయని పని రెండూ కలిసి చేశాయి. పంపింగ్ తగ్గకుండానే ఎలుకలు ఆయాసపడ్డాయి, ఊపిరితిత్తులు నీటితో బరువెక్కాయి. పరిశోధనలో ఇది పెద్ద మలుపే, కానీ ఈ ఎలుకకూ ముసలితనం లేదు.

నెత్తురు కూడా తీయకుండా పసిగట్టే ప్రయత్నం అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి వచ్చింది. దాదాపు 45 వేల మంది ఈసీజీలను, ఎకో ఫలితాలను జోడించి కంప్యూటర్‌కు నేర్పితే, మామూలు కంటికి ఏమీ కనిపించని ఈసీజీలోంచి పంపింగ్ తగ్గిందో లేదో అది బాగానే చెప్పగలిగింది. ఆసక్తికరమైంది దాని తప్పుల లెక్క. ఎకోలో గుండె బాగున్నా కంప్యూటర్ 'బాగాలేదు' అన్నవాళ్లను తర్వాతి సంవత్సరాల్లో గమనిస్తే, మిగతావాళ్లకంటే నాలుగు రెట్లు ఎక్కువగా వాళ్లకు నిజంగానే పంపింగ్ తగ్గింది. తప్పనుకున్న వాటిలో కొన్ని తొందరపడి చెప్పిన నిజాలు.

ఇంకా ముందుకు, అసలు పుట్టుక దగ్గరికి వెళ్లిన పని హైదరాబాద్‌లో జరిగింది. మనదేశంలో గుండె వైఫల్యం చిన్న వయసులో వస్తుంది. తిరువనంతపురంలో 1,205 మంది రోగుల్ని నమోదు చేసి వెంబడించిన శ్రీచిత్ర సంస్థ లెక్కల్లో సగటు వయసు 61. అయిదేళ్లు తిరిగేసరికి వాళ్లలో 59 శాతం చనిపోయారు. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బుతో ఆస్పత్రికి వచ్చేవాళ్ల వయసు సాధారణంగా డెబ్బై దాటి ఉంటుంది. ఈ తేడాకు గుండెపోట్లు, చిన్నప్పటి కీళ్లవాత జ్వరం పాడుచేసిన కవాటాలు, షుగర్ అన్నీ కారణాలే. వాటితోపాటు వంశపారంపర్యం ఎంతన్నది అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్ బృందం వెతికింది. గుండె కండరం బిగువును అదుపుచేసే ప్రొటీన్ తాలూకు జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం భారత ఉపఖండంలో వందలో నలుగురికి ఉందని, ఉన్నవాళ్లకు గుండె కండర జబ్బు ముప్పు ఏడు రెట్లు ఎక్కువని 2009లో దేశవిదేశాల సహచరులతో కలిసి ప్రకటించింది. నూటికి నలుగురంటే కోట్ల మంది. వార్త గుప్పుమంది, చాలామందికి టెన్షన్ కూడా పట్టుకుంది.

కానీ ఆ నలుగురిలో ఎక్కువమంది ముసలితనం దాకా హాయిగానే ఉంటున్నారు. ఎందుకు? 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతివాళ్ల మీద సక్తివేల్ సదయప్పన్ బృందం చేసిన పరిశోధన ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. ఆ 25 అక్షరాల లోపం ఉన్నవాళ్లలో దాదాపు పదోవంతు మందికి అదే జన్యువులో డీ389వీ అనే ఇంకో మార్పు కూడా ఉంది. ముప్పులో పెద్ద వాటా ఈ రెండోదానిదే కావచ్చు. ఆ మార్పు మోస్తూ పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎకో తీస్తే గుండె బలహీనంగా లేదు. మామూలు కంటే గట్టిగా పిండుతోంది. పంపింగ్ తగ్గిందా అని వెతికే ఎకో రిపోర్టులో ఇలాంటి మనిషికి ఇప్పటికీ 'నార్మల్' అనే రాస్తారు.